స్పీకరు క్రింది నేల

మా కేంద్రమునకు వచ్చెడి ఉత్తరములలో పాటలు కోరునవే యెక్కువ. కాని కొంతకాలముగ వానితోపాటు వేరొక తరహా ప్రశ్నలును వచ్చుచున్నవి. ఒక శ్రోత క్రొత్తగ నేలపై నిలుచు పెద్ద స్పీకర్ల జతను కొనిరి. వాని క్రింద ఇనుప ములుకులు బిగింపవలెనా, రబ్బరు దిమ్మలు పెట్టవలెనా యని అడిగిరి. వేరొకరు తండ్రిగారి కాలపు గ్రామఫోను ప్లేట్లను వినుటకై టర్నుటేబులు తెప్పించుకొనిరి; గదిలో ఎవరైన నడచినప్పుడెల్ల సూది గంతులు వేయుచున్నదట. ఇంకొకరి బాధ వెలకు సంబంధించినది. ఆంప్లిఫయరు క్రింద పెట్టుటకు నాలుగు ఇత్తడి గుబ్బలను చూపి, అంగడివాడు ఆంప్లిఫయరు వెలలో మూడవ వంతు అడిగినాడట. చూచుటకు మూడు వేరు వేరు ప్రశ్నలు. మూలము మాత్రము ఒక్కటే: అక్కరలేని కదలిక యంత్రమునకు సోకకుండను, యంత్రపు కదలిక ఇంటికి సోకకుండను చేయుట యెట్లు?

రికార్డులు మరల ఇండ్లలోనికి వచ్చుటచే ఈ ప్రశ్నకు మరల ప్రాణము వచ్చినది. అమెరికాలో 2022లో అమ్ముడుపోయిన వినైల్ రికార్డుల సంఖ్య సి.డి.ల సంఖ్యను మించినది. 1987 తరువాత అట్లు జరుగుట అదియే మొదటిసారి. మన నగరములలోను అటుకల మీది పాత ప్లేట్లు క్రిందికి దిగుచున్నవి. వానితోపాటు రబ్బరు పాదములు, ఇత్తడి గుబ్బలు, రాతి పలకలు, గాలితిత్తులు మొదలగునవి అంగళ్ళలోనికి ఎక్కినవి. వీనిలో కొన్ని నిజముగ పనిచేయును. కొన్ని ఏమియు చేయవు. కొన్ని యున్నదానిని చెడగొట్టును. ఏది ఎట్టిదో తెలిసికొనుటకు వెల చీటీ చూచిన లాభము లేదు. కొంచెము భౌతికశాస్త్రము కావలెను.

ముందుగ ఇంటిలోనే చేయదగిన ఒక పరీక్ష చెప్పెదము. మీ చేతి ఫోనును మ్రోగకుండ వణకునట్లు అమర్చి, చెక్కబల్లపై ఉంచి, ఎవరినైన ఆ నంబరునకు పిలువుమనుడు. బల్ల యంతయు గుర్రుమని మ్రోగును. అదే ఫోనును నాలుగు మడతలు వేసిన తువాలుపై ఉంచి చూడుడు; చప్పుడు దాదాపు అణగిపోవును. ఫోనులోని మోటారు రెండు సారులును ఒకే తీరున పనిచేసినది. మారినది క్రింది వస్తువు మాత్రమే. ఫోను చిన్నది, గాలిని అంతగ కదల్పజాలదు. బల్ల వెడల్పైనది; ఫోను దానిని కదల్చినచో అది గదిలోని గాలినెల్ల కదల్చును. వీణలో కుండ చేయు పనియు, తంబురాలో బుఱ్ఱ చేయు పనియు నిదియే. వాద్యములో అది గుణము. స్పీకరు క్రింది బల్లలో అదియే దోషము. వీణ చేయువాడు పనసకొయ్య నేరి, తొలిచి, అది యెట్లు పలుకవలెనో చెవితో నిర్ణయించును. మీ టీవీ బల్లను చేసిన వడ్రంగి అట్టి శ్రమ పడి యుండడు. అయినను స్పీకరు దానిపై నుండి పాడునప్పుడు అదియును గొంతు కలుపును. పురుష కంఠములు కుండలో నుండి వచ్చినట్లు మ్రోగుటకు, మృదంగపు తొప్పి అదుపు తప్పినట్లు వినబడుటకు తరచుగ ఇదియే కారణము.

తువాలు చేసిన పని యేమి? మెత్తని వస్తువు కదలికను "పీల్చుకొన్నది" అని సాధారణముగ చెప్పుదురు. అది సగము నిజము మాత్రమే. అసలు సంగతి తెలియుటకు మరియొక పరీక్ష కలదు. నాలుగైదు రబ్బరు బ్యాండ్లను గొలుసుగ ముడివేసి, క్రింద ఒక తాళపు కప్పను వ్రేలాడదీసి, పై కొసను చేత పట్టుకొనుడు. చేతిని మిక్కిలి నెమ్మదిగ పైకిని క్రిందికిని ఆడించినచో కప్పయు చేతితోపాటే ఆడును. వేగము కొంచెము హెచ్చించుడు. ఒకానొక వేగము వద్ద కప్ప రెచ్చిపోయి, మీ చేయి కదలిన దానికి ఎన్నో రెట్లు ఎగిరి పడును. ఇంకను వేగము హెచ్చించుడు. చేయి వడివడిగ వణకుచుండ, కప్ప దాదాపు నిశ్చలముగ నిలుచును.

ఈ మూడు అవస్థలలో మన విషయమంతయు ఇమిడి యున్నది. బరువును, దాని క్రింది మెత్తదనమును కలిసి ఒక ఉయ్యాల వంటివి. ఏ ఉయ్యాలకైనను తనదైన ఊపు ఒకటి యుండును. సెకనుకు ఇన్ని మారులు ఊగవలెనను లెక్క యుండును. దానినే సహజ పౌనఃపున్యము అందురు. వచ్చెడి కదలిక ఆ లెక్కకు సరిపడినచో, అదను చూచి త్రోసిన ఉయ్యాల వలె కదలిక పెరిగిపోవును. లెక్కను బాగుగ మించినచో బరువు దానిని అనుసరింపలేక నిలిచిపోవును. కావున మెత్తని పాదము కదలికకు అడ్డుగోడ కాదు. అది ఒక ద్వారపాలకుని వంటిది. కొందరిని ఆపును, కొందరిని పోనిచ్చును, కొందరిని మేళతాళములతో లోనికి తోడ్కొని పోవును.

ఇంటిలోని బట్టలుతుకు యంత్రమును గమనించిన గృహిణులకు ఇది క్రొత్త సంగతి కాదు. బట్టలు పిండుటకై లోపలి పీపా తిరుగ నారంభించిన కొలది క్షణములకు యంత్రము దడదడలాడును. పీపా నిమిషమునకు వేయి చుట్లను మించిన తరువాత అదియే యంత్రము నెమ్మదించును. లోపల పీపాను స్ప్రింగులపై వ్రేలాడదీసినారు; ఆ దడ పీపా తిరుగుడు స్ప్రింగుల సహజపు ఊపును దాటిపోవు క్షణము. దాటిన తరువాత శాంతి.

ఇపుడు లెక్క. పాదముపై యంత్రమును ఉంచినప్పుడు ఆ పాదము ఎన్ని మిల్లీమీటర్లు క్రుంగినదో కొలువుడు. ఆ సంఖ్యకు వర్గమూలము కట్టి, దానితో 15.8ని భాగించినచో సహజ పౌనఃపున్యము వచ్చును. ఒక మిల్లీమీటరు క్రుంగినచో సెకనుకు సుమారు 16 ఊపులు, అనగా 16 హెర్ట్జులు. 4 మిల్లీమీటర్లు క్రుంగినచో 8. ఒక సెంటీమీటరు క్రుంగినచో 5. రెండున్నర సెంటీమీటర్లు, అనగా సుమారు ఒక అంగుళము క్రుంగినచో 3కు కొంచెము పైన. స్ప్రింగుల విషయమున ఈ లెక్క చక్కగ సరిపోవును. రబ్బరు మాత్రము నిలుకడగ నున్నప్పటికంటె వణకునప్పుడు బిరుసుగ ప్రవర్తించును. కావున దాని అసలు పౌనఃపున్యము లెక్కకంటె ఎక్కువే యుండును.

ఈ సహజ పౌనఃపున్యమునకు 1.4 రెట్లు దాటిన తరువాతనే రక్షణ మొదలగును. రెండు రెట్ల యొద్ద కదలికలో మూడవ వంతు మాత్రమే పైకి పోవును; మూడు రెట్ల యొద్ద ఎనిమిదవ వంతు. అంతకు దిగువన పాదము పెట్టినను పెట్టకున్నను ఒక్కటే, లేదా పెట్టకుండుటయే మేలు. అంగడిలో చేతితో నొక్కిన నొక్కుడుపడని రబ్బరు బిళ్ళను చూపి "ఇది అన్ని కంపనములను ఆపును" అని చెప్పువానిని, నా యంత్రము బరువునకు ఇది ఎంత క్రుంగును అని అడుగుడు. అతడు తెల్లబోవుటయే సమాధానము.

మెత్తనివన్నియు ఒక తీరువి కావు. స్ప్రింగు ఊగుట మొదలిడినచో ఊగుచునే యుండును. లోపల రాపిడి తక్కువ. సార్బోథేను వంటి జిగురు స్వభావము గల పదార్థములు ఊపును వేడిగ మార్చి త్వరగ అణచివేయును. ఇందువలన ప్రమాదకరమైన ఆ మధ్య అవస్థలో రెచ్చిపోవుట తగ్గును. అందుకు ప్రతిఫలముగ పై పౌనఃపున్యముల యొద్ద రక్షణయు కొంత తగ్గును. ఇట్టి బిళ్ళలను బరువు చూచి కొనవలెను. తక్కువ బరువు పెట్టినచో అవి రాతి వలె నిలుచును. ఎక్కువ పెట్టినచో పచ్చడియై రాతి వలెనే యగును.

ఇక ఏ యంత్రమునకు ఈ రక్షణ కావలెను? నిస్సంశయముగ టర్నుటేబులునకు. ఎల్.పి. రికార్డుపై గాడి వెడల్పు సుమారు 50 మైక్రానులు. తల వెంట్రుక మందమునకు ఇంచుమించు సమానము. మిక్కిలి మెల్లగ పలుకు స్వరములలో ఆ గాడి వంపులు ఒక మైక్రానునకు లోబడి యుండును. సూది పని, ఆ వంపులను చదువుట. క్రింది బల్ల ఒక మైక్రాను కదలినచో, ఆ కదలికకును పాటకును భేదము సూదికి తెలియదు. రెంటిని ఒకే విశ్వాసముతో ఆంప్లిఫయరునకు అందించును. దీనికి తోడు మరియొక చిక్కు. రికార్డు చేయునప్పుడు గాళ్ళు మరీ వెడల్పు కాకుండుటకై మంద్రధ్వనులను తగ్గించి కోయుదురు; వినునప్పుడు ఆంప్లిఫయరు వానిని తిరిగి పెంచును. 20 హెర్ట్జుల యొద్ద ఈ పెంపు, మధ్యమ ధ్వనులతో పోల్చినచో, సుమారు 9 రెట్లు. నేల నుండి వచ్చెడి కదలికలు సరిగ ఈ మంద్రస్థాయికే చెందినవి. అందుచే అడుగుల చప్పుడు కూడ తొమ్మిదింతల గౌరవముతో స్పీకరు చేరును.

చేరి ఊరకుండదు. స్పీకరు ఆ చప్పుడును గదిలోనికి పంపును. బల్ల, నేల, గాలి దానిని మరల సూదికి అందించును. సూది మరల స్పీకరునకు పంపును. ఈ చక్రము ఒకసారి పట్టుకొన్నచో హూంకారముగ పెరుగును. సభలలో మైకు కూయుట ఎల్లరకు తెలిసినదే. ఇది దానికి అన్నగారు, బొంగురు గొంతువాడు. హూంకారము రానంత మాత్రమున అంతయు క్షేమమని కాదు. చక్రము పూర్తిగ పట్టుకొనక మునుపే మంద్రధ్వనులు బురదనీరు వలె కలగిపోవును. పరీక్షించుట సులభము. పళ్ళెమును తిరుగనీయక, నిశ్చలమైన రికార్డుపై సూదిని దింపి, ధ్వనిని మొదట పూర్తిగ తగ్గించి, నెమ్మదిగ మీరు మామూలుగ వినునంత వరకు పెంచుడు. ఆపై బల్లను వ్రేలితో మృదువుగ తట్టుడు. "టక్" మని పొడిగ వినబడి ఆగినచో భయము లేదు. "బూమ్మ్" అని సాగినచో బల్ల గాని, దాని చోటు గాని మార్చవలెను. గుర్రుమను ధ్వని తనంత తాను మొదలైనచో ధ్వనిని వెంటనే తగ్గింపుడు. స్పీకర్లకు హాని కలుగవచ్చును.

ఒకే బల్లపై టర్నుటేబులును, స్పీకర్లును ఉంచుట ఈ చక్రమునకు పీట వేసి పిలుచుట వంటిది. అట్లయిన 1950, 60లలోని రేడియోగ్రాములు ఎట్లు పనిచేసినవి, అన్నియు ఒకే పెట్టెలో నుండెడివి గదా యని కొందరికి తోచవచ్చును. ఆ పెట్టెలలో రికార్డులు త్రిప్పు యంత్రమును మెత్తని స్ప్రింగులపై తేల్చి యుంచెడివారు. ఓడలోను, లారీలోను వచ్చునప్పుడు అది ఊగి విరుగకుండుటకై మరలతో బిగించి పంపెడివారు. ఇంటికి వచ్చిన తరువాత ఆ మరలను వదులు చేయవలెనని కాగితముపై వ్రాసి పెట్టెడివారు. కాగితము చదువని ఇండ్లలో ఆ మరలు ఏండ్ల తరబడి బిగిసియే యుండెడివి, రేడియోగ్రాము గురగురలాడుచుండెడిది. నేడు పాత రేడియోగ్రాములను బాగుచేయించుకొనువారు మొదట చూడవలసినవి ఆ మరలే. ముందు తలుపు గల బట్టలుతుకు యంత్రమునకును నేడు అట్టి మరలే బిగించి పంపుచున్నారు. విప్పక నడిపినచో అది గదిలో నాట్యమాడును.

ఈ స్ప్రింగుల విద్యకు చక్కని రూపమిచ్చినవాడు ఎడ్గార్ విల్చర్ అను అమెరికను. ఆయన అకౌస్టిక్ రీసెర్చి సంస్థ 1961లో తెచ్చిన టర్నుటేబులులో మోటారును పై పలకకు బిగించి, పళ్ళెమును, సూది చేయిని మాత్రము ఒకే దృఢమైన లోహపు చట్రముపై అమర్చి, ఆ చట్రమును మూడు స్ప్రింగులపై వ్రేలాడదీసినారు. మోటారునుండి పళ్ళెమునకు రబ్బరు పట్టీ ఒక్కటియే సంబంధము. ఇందులోని యుక్తిని గమనింపుడు. కదలిక యున్నను బాధ లేదు. పళ్ళెమును సూదియు వేరు వేరుగ కదలుటయే బాధ. రెంటిని ఒకే చట్రమునకు కట్టినచో ఊగినను కలిసి ఊగును; సూదికి తెలియవలసిన భేదము పుట్టదు. తరువాత థోరెన్స్ టి.డి. 150, లిన్ సొండెక్ మొదలగు పేరెన్నిక గన్న యంత్రములన్నియు ఈ త్రోవనే నడచినవి.

అయినను స్ప్రింగుల యంత్రమునకు ఒక బలహీనత కలదు. దాని ఊపు సెకనుకు మూడు మొదలు ఐదు వరకు ఉండును. మనుష్యుడు సెకనుకు సుమారు రెండు అడుగులు వేయును. నేల మెత్తనిదైనచో అడుగు పడినప్పుడెల్ల అది కూడ ఊగును. చాల కొయ్య అంతస్తుల ఊపు సెకనుకు పదికి అటు నిటుగ నుండును. సూది చేయికిని, దాని కొసనున్న కార్ట్రిడ్జికిని కలిసి ఒక సహజపు ఊపు కలదు. దానిని 8కిని 12కిని నడుమ ఉంచుటకు తయారీదారులు ప్రయత్నింతురు. నేల ఊపును, చేయి ఊపును ఒక్కచోట కలిసినప్పుడు సూది గాడి విడిచి గంతు వేయును. దీనికి టర్నుటేబులు క్రింద ఏ బిళ్ళను పెట్టినను ప్రయోజనము లేదు. పది ఊపులను ఆపవలెనన్న, పాదపు సహజపు ఊపు మూడింటికి దిగవలెను. అనగా పాదము ఒక అంగుళము క్రుంగవలెను. అంత క్రుంగు రబ్బరు బిళ్ళ యెక్కడ నున్నది? మందు వేరు. టర్నుటేబులును నేలనుండి తప్పించి, ఇటుక గోడకు బిగించిన దృఢమైన అలమారు పలకపై ఉంచవలెను. నేల ఎంత ఊగినను బరువు మోయు గోడ అంతగ ఊగదు. ఖర్చు రెండు ఉక్కు బ్రాకెట్లు, నాలుగు మరలు, ఒక పలక.

మన ఇండ్లను గూర్చి ఇచట ఒక మాట చెప్పవలసి యున్నది. ఈ విషయముపై మనకు లభించు సలహాలలో చాల భాగము ఇంగ్లండు, అమెరికా దేశముల పత్రికలనుండి వచ్చినవి. అచటి ఇండ్లలో కొయ్య దూలములపై పలకలు పరచిన నేలలు సాధారణము; అడుగు వేసిన నేల ఊగును. ఆ నేలకు పుట్టిన మందును మనము మన నేలకు వాడుచున్నాము. తాండూరు బండలు గాని షాబాదు బండలు గాని మట్టిపై నేరుగ పరచిన ఇంటిలో, క్రింది అంతస్తులో, నేల ఊగుట యను ప్రశ్నయే లేదు. అచట గట్టి బల్లపై టర్నుటేబులును మట్టముగ నిలిపి, స్పీకర్లనుండి దూరముగ ఉంచినచో చాలును. పాత మేడలలో టేకు దూలములపై వేసిన మిద్దెల సంగతి వేరు; అవి ఇంగ్లండు ఇండ్లకు చుట్టములే. నేటి అపార్టుమెంట్ల కాంక్రీటు పలక ఈ రెంటికిని నడుమది: సామాన్యముగ అడుగులకు ఊగదు కాని, దెబ్బ తగిలినచో ఆ ధ్వనిని నాలుగు వాటాలకు పంచి పెట్టును. పై వాటాలో రోకలి పోటు పడినప్పుడు క్రింది వాటాలో నిద్రపోవు పసివాడు ఉలికిపడుట చూచినవారికి ఇది వివరింప నక్కరలేదు. రోటి క్రింద గోనెపట్టా వేయు మన పెద్దలు ఈ శాస్త్రము చదువకయే దాని ఫలమును అనుభవించిరి.

స్పీకర్లకు ములుకుల విషయము. ములుకు వేరుచేయు సాధనము కాదు, కలుపు సాధనము. దీనిని తారుమారుగ గ్రహించుట వలన ఎంతో డబ్బు ఖర్చగుచున్నది. 20 కిలోల స్పీకరు నాలుగు ములుకులపై నిలిచినచో ఒక్కొక్క దానిపై 5 కిలోల బరువు పడును. మొన వైశాల్యము ఒక చదరపు మిల్లీమీటరు అనుకొన్నచో చదరపు సెంటీమీటరునకు 500 కిలోల ఒత్తిడి. తివాచీని చీల్చుకొని క్రింది నేలను పట్టుటకు ఇది మిక్కిలి ఉపయుక్తము. మెత్తని తివాచీపై ఊగుచు నిలిచిన పొడుగైన స్పీకరును ములుకులు కదలకుండ నిలుపును. తివాచీ లేని మన చలువరాతి నేలపై అవి రాతిని పెచ్చులూడదీయుట తప్ప చేయు మహోపకారము లేదు. అందుచే కొందరు ములుకు క్రింద రూపాయి బిళ్ళను పెట్టుచున్నారు. రూపాయి నేలను కాపాడును. ధ్వనిని ఏమియు చేయదు. ములుకు కంపనమును స్పీకరునుండి నేలకు మాత్రమే పోనిచ్చునని, నేలనుండి తిరిగి రానీయదని ఒక ప్రచారము కలదు. గట్టి వస్తువునకు అట్టి ఏకపక్ష బుద్ధి లేదు. పోవు త్రోవయే వచ్చు త్రోవ.

రబ్బరు పాదములకు నిజమైన చోటు చిన్న స్పీకర్ల క్రింద. అద్దాల బీరువాపైన, వ్రాత బల్లపైన, టీవీ బల్లపైన ఉంచిన చిన్న స్పీకరు ఆ చెక్కనంతటిని పలికించును. బీరువాలోని గాజు సామానును, స్టీలు గిన్నెలను కూడ పలికించును. ఆరు కిలోల స్పీకరును 20 హెర్ట్జుల సహజపు ఊపు గల పాదములపై ఉంచినచో, 60 హెర్ట్జుల స్వరము ఎనిమిదవ వంతు మాత్రమే బల్లకు చేరును. ఇది చెవికి స్పష్టముగ తెలియు మార్పు, కంఠములు తేటపడును. దీనికి విదేశీ పాదములు అక్కరలేదు. గుణము గల రబ్బరు నురుగు ముక్కలను బరువునకు తగినట్లు కోసి వాడవచ్చును; క్రుంగుడు ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉండవలెను; స్పీకరు ఒరగకుండ ముందు వెనుకల బరువు సరిచూడవలెను. బీరువాలో గిన్నెలు ఇంకను మ్రోగినచో, వాని నడుమ గుడ్డ ముక్కలు పెట్టుటయే మందు.

తక్కిన యంత్రముల సంగతి క్లుప్తముగ చెప్పెదము. ట్రాన్సిస్టర్ల ఆంప్లిఫయరునకు ఇంటిలోని కంపనము వలన వినదగిన హాని లేదు. ఇంటర్నెట్టునుండి పాటలను గ్రహించు పెట్టెలకును లేదు. తీగలను నేలకు తాకకుండ పింగాణి పీటలపై ఎక్కించుట వేడుక చూచుటకు బాగుండును. సి.డి. యంత్రములో వెలుతురు కిరణము గాడిని తప్పినచో సర్దుకొను ఏర్పాటు లోపలనే కలదు. చిన్న పొరపాట్లను లెక్కకట్టి దిద్దుకొను విధానము డిస్కు వ్రాతలోనే కలదు. గట్టి దెబ్బ తగిలినచో పాట ఆగునే కాని, మెల్లని కంపనము వలన మాధుర్యము తగ్గదు. వాల్వుల ఆంప్లిఫయరు మాత్రము వేరు. వాల్వులోపలి సన్నని తీగలు వణకినచో ఆ వణుకు విద్యుత్తులోనికి ప్రవేశించును. పెన్సిలు వెనుక కొసతో వాల్వును మెల్లగ తట్టినప్పుడు స్పీకరులో గంట మ్రోగినట్లు వినబడినచో అట్టి దానికి మెత్తని పాదములు మేలు చేయును. అంతకంటె ఆ వాల్వును మార్చుట మేలు. పైన చెప్పిన ఇత్తడి గుబ్బలకు వెచ్చించు ధనముతో మంచి రికార్డులు ఎన్ని వచ్చునో లెక్కవేసి చూచుకొన వచ్చునని మా అభిప్రాయము.

మా వృత్తిలో ఈ జాగ్రత్తలు నిత్యకృత్యములు. ప్రసంగకర్త మాటలాడుచు బల్లపై వ్రేలితో తాళము వేసినచో, శ్రోతకు అది తలుపు తట్టినట్లు వినబడును. అందుచే మైకును సాగు తాళ్ళ నడుమ వ్రేలాడదీయుదురు. స్టూడియోలను కట్టునప్పుడు గదిలో గదిని కట్టి, లోపలి నేలను మెత్తని దిమ్మలపై తేల్చి, గోడలకు ఎచ్చటను తాకనీయరు. ఒక్క మేకు రెండు గోడలను కలిపినను ఆ శ్రమ వ్యర్థమే. లండనులో 1951లో రైలు వంతెన ప్రక్కన రాయల్ ఫెస్టివల్ హాలును కట్టిన శిల్పులు సభామందిరమును పెట్టెలోని గుడ్డు వలె భవన మధ్యమున ఎత్తుగ నిలిపిరి. మాంచెస్టరులో 1996లో తెరచిన బ్రిడ్జివాటర్ హాలు వందల కొలది ఉక్కు స్ప్రింగులపై నిలిచి యున్నది. 2015లో గురుత్వ తరంగములను మొదటిసారి పట్టిన లైగో యంత్రములలో 40 కిలోల అద్దములను ఒకదాని క్రింద ఒకటిగ నాలుగు లోలకములతో వ్రేలాడదీసినారు. అట్టి కేంద్రమును మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో నిర్మించుటకు 2023లో మన ప్రభుత్వము ఆమోదించినది. రబ్బరు బ్యాండ్లకు వ్రేలాడిన తాళపు కప్ప సూత్రమే అచటను పనిచేయుచున్నది. అచట కప్ప నాలుగు అంతస్తులది.

ఇరుగుపొరుగు మాట మిగిలినది. మంద్రధ్వనులకై ప్రత్యేకముగ నుంచు సబ్-వూఫరు పెట్టెలు నేడు చాల ఇండ్లలో కలవు. క్రింది వాటావారు ఫిర్యాదు చేసినప్పుడు, దాని క్రింద మందపాటి రబ్బరు పీట వేసి, ఇక దోషము మాది కాదనుకొనువారు కలరు. పీట కొంతవరకే పనిచేయును. పెట్టె పాదములనుండి కాంక్రీటు పలకకు నేరుగ పోవు కదలికను అది తగ్గించును. గాలి ద్వారా గోడలను, నేలను త్రోయు మంద్రధ్వనిని పీట తాకనైన తాకదు. మీ ఇంటిలో దోషము ఏ త్రోవదో తెలిసికొనుటకు ఒక ఉపాయము కలదు. ఇంటిలో ఒకరిని క్రింది వాటాకు పంపి, వారి అనుమతితో, ఒకే పాటను ఒకే ధ్వనితో రెండు మారులు వినిపింపుడు: మొదట పెట్టె నేలపై నుండగ, తరువాత మందమైన పరుపు ముక్కపై నుండగ. రెండవ మారు క్రింద ధ్వని బాగుగ తగ్గినచో పీట కొనుడు. తగ్గనిచో దానిని గోడ మూలనుండి గది లోపలికి జరిపి మరల పరీక్షింపుడు. మూలన ఉంచిన పెట్టె మంద్రధ్వనిని హెచ్చుగ పుట్టించును. అప్పటికిని తగ్గనిచో రాత్రి పది గంటల తరువాత దాని స్విచ్చిని ఆర్పి, చిన్న స్పీకర్లతోనే వినుడు.